శుతుద్రి శతద్రువైన చరిత్ర



నిత్యస్నానసమయంలో నదీదేవతలను స్మరించుటకు మనవారు చెప్పునవి రెండు కలవు. ఒకటి గోదావరి, నర్మద, కావేరి పేర్లు కూడ గల లౌకికశ్లోకం. అది పిల్లలకు సైతం కంఠస్థమే. రెండవది వేదమంత్రం. ఋగ్వేదం 10వ మండలం 75వ సూక్తంలో ఉన్న ఆ ఋక్కును కృష్ణయజుర్వేదులు మహానారాయణోపనిషత్తులో పఠింతురు. అందులో గంగ, యమున, సరస్వతి అను మూడు సంబోధనల వెంటనే శుతుద్రి అను నాలుగవ సంబోధన వచ్చును. మొదటి మూడు పేర్లు వినగానే చేతులు జోడించు గృహస్థులు నాలుగవది చెవిన పడినపుడు అదేదో తెలియని మంత్రశబ్దమని దాటిపోవుచుందురు. అది ఒక మహానది పేరు. ఆ నది నేటికిని పారుచున్నది. పంజాబీయులు సత్లుజ్ అని పిలుచునది, మన బడిపుస్తకాలలో సట్లెజ్ అని వ్రాయునది ఆ నదినే.

అమరకోశం వల్లె వేసిన వారికి ఇంకొక పేరు తెలియును. వారివర్గంలో అమరసింహుడు శుతుద్రికి శతద్రువు పర్యాయపదమని చెప్పి, ఆ వెంటనే విపాశకు విపాట్ అని చెప్పినాడు. ఋక్సంహితలో ఉన్నది శుతుద్రి. రామాయణ భారతాలలో ప్రసిద్ధమైనది శతద్రువు. కేకయదేశం నుండి అయోధ్యకు మరలి వచ్చుచు భరతుడు దాటినది శతద్రువునే. అనగా వేదకాలానికిని ఇతిహాసకాలానికిని నడుమ ఈ నది పేరు మారినది. పేరు మారుట లోకంలో వింత కాదు. రాజు మారిన ఊరి పేరు మారును, భాష మారిన కొండ పేరు మారును. కాని ఇక్కడ రాజు పేరు గాని, దాత పేరు గాని వచ్చి చేరలేదు. నది నడకను బట్టియే కొత్త పేరు పుట్టినది. ఆ సంగతి విచారించుటయే నేటి ప్రసంగం.

మొదట పాతపేరు చూతము. నిరుక్తంలో యాస్కమహర్షి శుతుద్రి శబ్దానికి చెప్పిన వ్యుత్పత్తి ఏమనగా, వేగంగా పరుగెత్తునది అని. ములుకోలతో పొడిచిన పశువువలె ఉరుకునది అని. ఇందులో నూరు అను సంఖ్య ప్రసక్తియే లేదు. ఉన్నది వేగం ఒక్కటే. ఈ వేగం గల నదిని విశ్వామిత్రమహర్షి ఎట్లు దాటినాడో 3వ మండలంలోని 33వ సూక్తం చెప్పుచున్నది. ఆ సూక్తంలో 13 ఋక్కులున్నవి. ఋషికిని నదులకును సంవాదం. సుదాసుడను రాజునకు పురోహితుడైన విశ్వామిత్రుడు తనకు లభించిన ధనాన్ని తీసికొని విపాట్, శుతుద్రి నదుల సంగమస్థానానికి వచ్చినాడని యాస్కుడు సందర్భం తెలిపినాడు. వెంట బండ్లు, రథాలు, భరతవంశీయుల జనసమూహం. ఎదుట పగ్గం విడిచిన గుఱ్ఱములవంటి రెండు ప్రవాహాలు. ఋషి వానిని తల్లులారా, అక్కలారా అను భావంతో వేడుకొన్నాడు. క్షణకాలం ఆగుడనియు, నీరు బండి ఇరుసుకు దిగువగా ఉండునట్లు తగ్గుడనియు కోరినాడు. నదులు మొదట అంగీకరింపలేదు. ఇంద్రుడు త్రవ్విన దారిలో పోవువారము, మేము ఆగము అన్నవి. చివరకు బిడ్డకు పాలిచ్చు తల్లివలె వంగుదుమని చెప్పి దారి ఇచ్చినవి.

ఇందులో చరిత్ర దృష్టితో గ్రహింపదగిన అంశం ఒకటి కలదు. ఆనాడు ఆ రెండు నదులును ఒకచోట కలియుచుండెను. బండి ఇరుసు లోతుకు నీరు తగ్గిన దాటుటకు వీలగు రేవు ఆ సంగమం దగ్గర ఉండెను. ఈ మాటతో మరల పని పడును గనుక గుర్తుంచుకొనుడు.

ఇక పేరు మార్పు సంగతి. నిరుక్తం 9వ అధ్యాయంలో యాస్కుడు ఈ నదీమంత్రాన్ని వ్యాఖ్యానించుచు ఒక్కొక్క పేరుకు అర్థం చెప్పుచు పోయినాడు. పరుష్ణిని ఇరావతి యందురని, అసిక్ని యనగా తెల్లనిది కానిదని, ఇట్లు. ఆర్జీకీయ వద్దకు వచ్చునప్పటికి ఒక విశేషం చెప్పినాడు. ఆర్జీకీయను విపాట్ అందురట. విపాట్ అనగా చీల్చుకొని పోవునది, లేదా కట్లు విప్పునది. మరణింపగోరిన వసిష్ఠుని పాశములు ఈ నదిలో విడిపోయినవి గనుక ఆ పేరు వచ్చినదట. దానికి పూర్వం ఆ నదికి ఉరుంజిర యని పేరుండెనట. చూచితిరా! పాతపేరు ఏది, కొత్తపేరు ఏది, ఎందువలన మారినది అను మూడు విషయాలను ఆ మహర్షి ఒక్కచోట నమోదు చేసినాడు. తహశీల్దారు కచేరీలో భూమి పట్టా మార్చునపుడు కూడ ఇంతకంటె ఎక్కువ వ్రాయరు.

ఆర్జీకీయ అనునది విపాశయే అను విషయంలో ఆధునిక విమర్శకులు అనేకులు యాస్కునితో ఏకీభవింపరు. మంత్రంలో నదుల పేర్లు తూర్పునుండి పడమరకు వరుసగా వచ్చుచున్నవి. ఆర్జీకీయ వితస్తకు తరువాత వచ్చినది. కావున అది ఇంకను పడమటిది కావలెనని వారి వాదం. ఆ వాదంలో బలం లేకపోలేదు. అయినను విపాశకు ఉరుంజిర అను పూర్వనామం ఉండెనన్న సంప్రదాయానికి దానివలన భంగం లేదు.

ప్రసంగవశాన విపాశను గూర్చి ఇంకొక మాట. మన పూర్వులు నదుల విషయంలో ఎంత సూక్ష్మంగా చూచిరో తెలియుటకు పాణిని అష్టాధ్యాయి 4వ అధ్యాయం 2వ పాదంలోని 74వ సూత్రం చాలును. త్రవ్వించినవాని పేరుతో బావిని పిలుచునపుడు, దత్తుడు త్రవ్వించినది దాత్తం, గుప్తుడు త్రవ్వించినది గౌప్తం అగును. విపాశకు ఉత్తరపు ఒడ్డున ఉన్న బావి అయిన ఆ పేరులో మొదటి అక్షరం ఉదాత్తం. దక్షిణపు ఒడ్డున ఉన్నదైన చివరి అక్షరం ఉదాత్తం. అక్షరాలు అవియే, స్వరం వేరు. ఏటికి ఆవలి ఒడ్డువారు బావిపేరు ఎట్లు పలుకుదురో, ఈవలి ఒడ్డువారు ఎట్లు పలుకుదురో విని, దానికై ఒక సూత్రం నిర్మించిన మహానుభావుడు పాణిని. ఆ సూక్ష్మదృష్టికి కాశికావృత్తికారులే ఆశ్చర్యపడినారు. ఇంత శ్రద్ధగా వినువారి దేశంలో ఒక మహానది పేరు ఊరక మారునా?

ఇప్పుడు మహాభారతం ఆదిపర్వానికి పోవుదము. కల్మాషపాదుని కథ నన్నయభట్టారకుని ఆంధ్రమహాభారతం చదివినవారు ఎరిగినదే. దారి ఇచ్చుట విషయంలో వసిష్ఠపుత్రుడైన శక్తికిని రాజునకును తగవు కలిగినది. శక్తి శపించినాడు. విశ్వామిత్రప్రేరణచేత రాక్షసుడు రాజును ఆవేశించినాడు. ఆ రాజు మొదట శక్తిని, పిదప అతని తమ్ములను భక్షించినాడు. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న వసిష్ఠుడు ప్రతీకారానికి శక్తి యుండియు పూనుకొనలేదు. ప్రాణం విడువదలచినాడు. మేరుశిఖరం నుండి దుమికినాడు, అగ్నిలో ప్రవేశించినాడు, కంఠానికి శిల కట్టుకొని సముద్రంలో పడినాడు. మృత్యువు దరిజేరలేదు. అప్పుడు వర్షాకాలపు వరదతో ఒడ్డులు కోసుకొని పారుచున్న ఒక నదిలో తన్ను తాను త్రాళ్లతో బంధించుకొని పడినాడు. నది త్రాళ్లను తెంచి ఆయనను ఒడ్డున చేర్చినది. ఋషియే ఆ నదికి విపాశ యని పేరు పెట్టినాడు. పిమ్మట హిమవంతమున పుట్టినదియు, భయంకరములైన మొసళ్లు గలదియు అగు మరియొక నదిలో పడబోయినాడు. అగ్నివంటి ఆ బ్రాహ్మణుని చూచి భయపడి ఆ నది నూరు విధాలుగా చీలి పరుగెత్తినది. అందువలన అది శతద్రువని ప్రసిద్ధి పొందినది. శత మనగా నూరు. ద్రు వనగా పరుగు.

ఇచ్చట ఒక విచిత్రం చూడుడు. వేదంలో ఈ రెండు నదుల ముందు నిలిచినవాడు విశ్వామిత్రుడు. ఇతిహాసంలో అవే రెండు నదుల ముందు నిలిచినవాడు ఆయనకు ప్రతిస్పర్ధియైన వసిష్ఠుడు. ఒకరు దాటుటకు దారి అడిగిరి. ఒకరు మునిగిపోవుటకు చోటడిగిరి. నీరు తగ్గుటయే ఇద్దరికిని లభించిన ప్రత్యుత్తరం. వసిష్ఠుడు ఆశ్రమానికి మరలి వచ్చుచు, కోడలు అదృశ్యంతి గర్భంలోనుండి వేదఘోష విని, వంశాంకురం కలదని తెలిసి మరణసంకల్పం మానుకొన్నాడు. ఆ శిశువే పరాశరుడు. పరాశరుని కుమారుడే వ్యాసభగవానుడు.

కథను కథగా మాత్రమే విని లేచిపోవుట ఒక పద్ధతి. కథలో చెప్పిన నది స్వభావం నిజమా కాదా అని పరిశీలించుట వేరొక పద్ధతి. రెండవది అశ్రద్ధ కాదు. వసిష్ఠుని చూచి నది నూరు పాయలైనదని వ్యాసుడు చెప్పినాడు సరే, ఆ నదికి చీలిపోవు అలవాటు లేనిచో ఆ మాట ఆ నదినే గూర్చి ఎందుకు చెప్పవలె? గంగను గూర్చి చెప్పలేదు, వితస్తను గూర్చి చెప్పలేదు.

సట్లెజ్ టిబెట్టు పీఠభూమిలో, మానససరోవరానికి పడమట నున్న రాక్షసతాల్ ప్రాంతాన పుట్టుచున్నది. టిబెట్టువారు దానిని లాంగ్‌చెన్ ఖంబాబ్ అందురు. ఏనుగు నోటినుండి వెలువడునదని అర్థం. షిప్కీలా కనుమ వద్ద భారతదేశంలో ప్రవేశించి, హిమాలయపు పొరలను ఒక్కొక్కటిగా కోసికొని, రోపడ్ వద్ద మైదానంలోనికి దిగి పడమరకు తిరుగును. దీని పొడవు సుమారు 1,450 కిలోమీటర్లు. కొండలలో ఏటవాలు ఎక్కువ గనుక నది రాళ్లను, ఇసుకను, మట్టిని తోసికొని వచ్చును. మైదానంలో ఏటవాలు తగ్గును. వేగం తగ్గిన నది తాను మోసికొని వచ్చిన బరువును మోయలేక అడుగున దింపివేయును. ఏటేట ఒండ్రు పేరుకొని నదీగర్భం చుట్టుపట్ల నేలకంటె ఎత్తగును. అట్టి స్థితిలో ఒక పెద్ద వరద వచ్చినపుడు ఒడ్డు తెగి, పల్లంగా ఉన్న పక్కనేలపై నీరు కొత్తదారి పట్టును. పాతదారి కొంతకాలం చిన్నపాయగా మిగిలి, తరువాత ఎండి ఇసుకచాలుగా నిలుచును. మరల కొన్ని తరాలకు కొత్తదారికిని అదే గతి. హిమాలయం నుండి దిగు నదులన్నిటికిని ఈ గుణం కొంత ఉన్నది. సట్లెజ్‌కు అది అధికం. రోపడ్ దిగువనుండి దక్షిణానికి, ఘగ్గర్ ఏటి వైపు పోవు ఎండిపోయిన పాయలు నేటికిని అగపడుచున్నవి.

ఈ ఎండిన పాయలను చూచి మొదట విస్తారంగా వ్రాసినవారు ఇద్దరు ఆంగ్లేయులు. ఇద్దరి ఇంటిపేరును ఓల్డ్‌హామే. భూగర్భశాస్త్రజ్ఞుడైన ఆర్. డి. ఓల్డ్‌హామ్ 1886లోను, సైనికవైద్యుడైన సి. ఎఫ్. ఓల్డ్‌హామ్ 1893లోను తమ వ్యాసాలు ప్రకటించిరి. సట్లెజ్ ఒకప్పుడు ఘగ్గర్ గర్భంలో పారుచుండెడిదని వారు ఊహించిరి. ఆ ఊహకు ఆధారం మన కాలంలో దొరికినది. కాన్పూరు ఐ.ఐ.టి., లండను ఇంపీరియల్ కళాశాల శాస్త్రజ్ఞులు ఘగ్గర్ ఎండుగర్భంలో లోతుగా బోరింగులు వేసి, అడుగున దొరికిన ఇసుకరేణువులు సట్లెజ్ హిమాలయం నుండి తెచ్చినవేనని నిరూపించి, ఆ ఫలితాన్ని 2017లో ప్రకటించిరి. వారి లెక్క ప్రకారం సట్లెజ్ ఆ దారిని పూర్తిగా విడిచి నేటి దారికి మరలినది సుమారు 8,000 సంవత్సరాల క్రిందట. కాలీబంగన్ మొదలగు హరప్పా నగరాలు పెరిగినది, నది విడిచిపోయిన ఆ లోయలోనే యని వారి నిర్ణయం.

సరస్వతీనది విషయంలో శాస్త్రజ్ఞులలో ఇంకను వాదప్రతివాదాలు జరుగుచున్నవి. దానిలోనికి నేను దిగను. మనవారిలో ఉత్సాహవంతులకు మాత్రం ఒక మాట చెప్పవలసి యున్నది. 8,000 ఏండ్ల నాటి ఆ మార్పును చూచియే శతద్రు నామం పెట్టిరని చెప్పుటకు వీలులేదు. ఋక్సంహిత నాటికి శుతుద్రి విపాశతో కలియుచునే యున్నది. అప్పటికి దాని పేరులో నూరు లేదు. నూరు తరువాత వచ్చినది. ఒక్క సంఘటనకు ఒక్క పేరు అంటగట్టి వేదానికి విజ్ఞానశాస్త్రపు ముద్ర వేయించుకొనుట వేదానికి గౌరవం కాదు. మనం చెప్పగలిగినది ఇంతే. ఈ నది ఒక్కసారి దారి తప్పి ఊరకున్నది కాదు. తరతరాలుగా చీలుచు, కలియుచు, మరల చీలుచు వచ్చినది. ఒడ్డున బ్రతికిన జనం దానిని ప్రత్యక్షంగా చూచుచుండిరి.

ఈ అలవాటు ఇటీవలి చరిత్రలో కూడ కనబడును. మధ్యయుగాలలో చిరకాలం సట్లెజ్, బియాస్ నదులు నేటివలె కలియక వేర్వేరు దారులు పట్టియుండెను. బియాస్ తనదారిని తాను ముల్తాను వైపు పోయెడిది. ఆ పాతగర్భం నేడు పాకిస్తానులో ఎండిన ఏరుగా ఉన్నది. 18వ శతాబ్ది చివర సట్లెజ్ తన గర్భాన్ని విడిచి మరల బియాస్‌ను చేరుకొన్నది. విశ్వామిత్రుడు ఒక సంగమం వద్ద నిలిచి రెండు నదులను స్తుతించినాడు. ఆ సంగమం చెదరి, ఎన్నో శతాబ్దుల పిమ్మట మరియొక చోట ఏర్పడినది. నేడు పంజాబులోని హరికే వద్ద ఆ కలయికను చూడవచ్చును. అక్కడ 1950 దశకం మొదట ఆనకట్ట కట్టగా ఏర్పడిన సరస్సు పక్షులకు ఆశ్రయమై, 1990లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందినది.

భారతంలో ఆ నదికి మొసళ్లు గలదని విశేషణం ఉన్నదని చెప్పితిని గదా. ఇరువదవ శతాబ్దిలో పంజాబు నదులలో ఘరియాల్ అను పొడుగుముట్టె మొసలి పూర్తిగా నశించినది. 2017 నుండి పంజాబు అటవీశాఖవారు ఆ మొసలిపిల్లలను తెచ్చి బియాస్‌లో విడుచుచున్నారు. సింధునదీవ్యవస్థలో మాత్రమే ఉండు డాల్ఫిన్ 2007లో హరికే ప్రాంతాన మరల కనబడినది. దానిని 2019లో పంజాబు ప్రభుత్వం రాష్ట్రజలచరంగా ప్రకటించినది. వ్యాసుడు ఒక్క విశేషణంలో చెప్పినదానిని మరల నిజం చేయుటకు ఎంత శ్రమ!

ఇక భాషాశాస్త్రజ్ఞుల ఆక్షేపణ ఒకటి మిగిలియున్నది. శుతుద్రి శబ్దం అర్థం మరచిపోయినందున, జనులు తమకు తెలిసిన శత శబ్దంతో దానిని సరిపెట్టుకొనిరనియు, కథ తరువాత అల్లినదనియు వారందురు. ధ్వనిసామ్యం ఉన్నమాట నిజమే. క్రీ.శ. 2వ శతాబ్దిలో టాలెమీ అను యవన భూగోళకారుడు జరద్రోస్ అని వ్రాసినాడు; ఆనాటికి జనుల నోట ఆ శబ్దం ఎట్లుండెనో దానినుండి ఊహింపవచ్చును. కాని ధ్వని దగ్గరగా ఉండు మాటలు ఇంకను ఉన్నవి. శుద్ధ యని సరిపెట్టుకొనరాదా? శీత యని సరిపెట్టుకొనరాదా? మంచునీటి నదికి అది ఎంతో తగును. నూరును ఎందుకు ఎన్నుకొనిరి? ధ్వని తలుపు తెరచినది. లోనికి వచ్చినది నది స్వభావం. నా అభిప్రాయం ఇది.

నీటి స్వభావాన్ని బట్టి పేరు మారుటకు దీని పక్కననే ఇంకొక ఉదాహరణ కలదు. మంత్రంలోని అసిక్ని పిదప చంద్రభాగ యైనది. లాహౌల్ ప్రాంతంలో బారాలాచా కనుమ వద్ద పుట్టిన చంద్ర, భాగ అను రెండు ఏరులు తాండీ వద్ద కలియును. అసిక్ని అన్నపుడు నీటి రంగు తెలిసినది. చంద్రభాగ అన్నపుడు దాని పుట్టుక తెలిసినది. విపాశ విషయంలో మాత్రం దారి వేరైనది. విపాశ లోకుల నోట బియాస్ కాగా, బియాస్‌లో వ్యాసశబ్దం వినబడి, కులూ ప్రాంతపు జనులు వ్యాసుడు తపస్సు చేసిన చోటు గనుక ఆ పేరు వచ్చినదని చెప్పుకొందురు. వసిష్ఠుని ముదిమనుమడు గనుక ముత్తాతను కాపాడిన నదికి ఆయన పేరు తగనిదని నేననను. అయినను ఒడ్డులు చీల్చు గుణం, కట్లు తెంచు గుణం ఆ పేరులో మరుగుపడినవి. నేటి జలాశయాలకును ఇదే వర్తించును. 1963లో జాతికి అంకితమైన భాక్రా ఆనకట్ట వెనుక సట్లెజ్ నీటికి గోవిందసాగరమనియు, బియాస్‌పై పాంగ్ ఆనకట్ట వెనుక నీటికి మహారాణా ప్రతాప సాగరమనియు పేర్లు పెట్టిరి. మహనీయుల స్మరణ మంచిదే. కాని ఆ పేరు విన్నవానికి ఆ నీరు ఎట్టిదో తెలియదు.

పేరులో నీటి చరిత్ర ఉండిన మేలేమి అని ఎవరైన అడుగవచ్చును. దానికి లూధియానా నగరం సమాధానం చెప్పును. లోదీ సుల్తానుల కాలంలో వెలసిన ఆ నగరం మొదట సట్లెజ్ ఒడ్డున ఉండెడిది. నది ఉత్తరానికి జరిగినది. విడిచిన పాతదారిలో ఒక పాయ మిగిలి, నగరం నడుమనుండి పారి, వలీపూర్ వద్ద మరల సట్లెజ్‌లో కలియుచున్నది. స్థానికులు దానిని బుడ్ఢా దరియా అనిరి. అనగా ముసలినది. శతద్రువు నూరు పరుగులలో అది ఒకటి. కాలక్రమాన అద్దకపు కార్ఖానాల రంగునీరు, పశువులశాలల పేడనీరు, నగరపు మురుగు దానిలోనికి వదలిరి. వదలినకొలది దరియా అను మాట పోయి నాలా అను మాట వచ్చినది. బుడ్ఢా నాలా. నాలా అనగా మురుగుకాలువ. మురుగుకాలువలో మురుగు పోయుట దోషమని ఎవరికి తోచును? నది అని పిలిచినంతకాలం పోయుటకు చేయి కొంత వెనుదీసినది. నాలా అన్న పిదప ఆ సంకోచం కూడ తొలగినది. ఆ నీరు సట్లెజ్‌లో కలిసి, హరికే చేరి, అక్కడనుండి కాలువల ద్వారా దక్షిణ పంజాబు, రాజస్థానములకు త్రాగునీరుగా పోవుచున్నది. ఇటీవలి సంవత్సరాలలో ఆ ప్రాంతపు జనులు, పత్రికలు, ప్రభుత్వపు ప్రక్షాళన పథకాలు దానిని మరల బుడ్ఢా దరియా అని పిలుచుచున్నవి. పేరు మార్చినంతనే నీరు శుభ్రపడదు. ఆ పని ఇంకను ఎంతో మిగిలియున్నది. అయినను అది కాలువ కాదు, సట్లెజ్ నడచిన దారి అని చెప్పుట మొదటి మెట్టు.

మన గోదావరి ఒడ్డువారికి ఇది కొత్తగా తోచరాదు. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలి గౌతమి యనియు, వసిష్ఠ యనియు పేర్లు వహించినది. మురమళ్ళ వీరేశ్వరస్వామివారి ఆలయం ఏ పాయ ఒడ్డున ఉన్నదో ఆ పాయను మనవారు వృద్ధగౌతమి అందురు. వృద్ధగౌతమికిని బుడ్ఢా దరియాకును భాష వేరు, భావం ఒకటే. పాతదారిని ముసలితల్లిగా తలచి పేరు నిలుపుకొన్నారు. వసిష్ఠునకు భయపడి నూరు పాయలైన నది ఉత్తరాన ఉన్నది. చీలిన పాయకు వసిష్ఠుని పేరే పెట్టుకొన్న నది మన యింటి ముందున్నది.

విశ్వామిత్రుడు చూచిన సంగమం విషయంలో మరియొక సంగతి చెప్పి ముందుకు పోవుదును. 1977 నుండి బియాస్ నీటిలో కొంత భాగాన్ని హిమాచలప్రదేశ్‌లోని పండోహ్ వద్ద మళ్లించి, 13 కిలోమీటర్లకు పైబడిన ఒక సొరంగం, ఒక కాలువ, 12 కిలోమీటర్లకు పైబడిన మరియొక సొరంగం గుండ నడిపి, దేహర్ విద్యుత్కేంద్రం వద్ద సట్లెజ్‌లో వదలుచున్నారు. కొండలలో ఎన్నడును కలియని విపాట్, శుతుద్రి నదులను మానవుడు కలిపినాడు. దిగువన రెండు ప్రక్కల మట్టికట్టలు పోసి నది దారిని బంధించినాడు. అయినను 2023లోను, 2025లోను వచ్చిన వరదలకు ఆ కట్టలు పలుచోట్ల తెగినవి. 2025లో పంజాబులోని 23 జిల్లాలను వరదపీడితములుగా ప్రకటింపవలసి వచ్చినది. పాశములు కట్టినపుడు తెంచుట ఆ నదులకు పాత అలవాటే గదా!

చివరగా పాఠశాలలకు, పురోహితులకు సంబంధించిన విషయం. నిత్యకర్మ పుస్తకాలు కొన్నిటిలో మంత్రంలోని శుతుద్రి శబ్దాన్ని అచ్చుతప్పని భావించి శతద్రు అని దిద్ది ముద్రించినవి నా కంటబడినవి. దిద్దినవారు అమరం తెలిసినవారే. అర్థం సుగమమగునని చేసినారు. అది పొరపాటు. శతద్రు నామం ఎంత అర్థవంతమైనను దాని చోటు ఇతిహాసం. మంత్రంలో ఉన్నది ఆ నది నూరుగా చీలుటకు పూర్వపు పేరు. రెండు పేర్లను రెండు చోట్ల చెక్కుచెదరకుండ నిలిపినందుననే, ఆ నది మొదట వేగానికి, పిదప చీలికకు ప్రసిద్ధికెక్కినదని నేడు మనం చెప్పగలుగుచున్నాము. ఒకదానితో మరియొకదానిని చెరిపిన నడుమ జరిగిన చరిత్ర అంతయు పోవును. అమరసింహుడు రెండింటిని ఒకే పాదంలో పక్కపక్కన పెట్టినాడే గాని ఒకటి తప్పని చెప్పలేదు.

స్వరం విషయం కూడ కలదు. మంత్రంలో గంగే, యమునే, సరస్వతి అను సంబోధనలు మూడును పాదమధ్యంలో ఉన్నందున సర్వానుదాత్తములై సాగును. శుతుద్రి రెండవ పాదపు మొదటి పదం. పాదాదిలో నున్న సంబోధనం గనుక దానికి ఆద్యుదాత్తం. కావున సరస్వతి శబ్దంలోని చివరి అక్షరం క్రిందికి దిగవలెను. శు అక్షరం సమంగా పలికి, తు అక్షరాన్ని పైకి ఎత్తి, ద్రి వద్ద మరల దిగవలెను. విద్యార్థులు మూడు పేర్లను పలికిన ఊపులో నాలుగవదానిని కూడ ఒకే స్వరంతో లాగివేయుదురు. అధ్యాపకులు అక్కడ ఆపి, ఆ పదాన్ని విడిగా మూడుసార్లు చెప్పింపవలెను.